వాన కడిగిన నేల, బయటపడ్డ నాణెం



ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి రాయమని సంపాదకవర్గం వారు కోరినప్పుడు చార్మినారు గురించో, గోల్కొండ గురించో రాద్దామనుకున్నాను. వాటి మీద పెద్దలు ఇదివరకే ఎంతో రాశారు. ఇంతలో మా ఇంట్లో జరిగిన ఒక చిన్న సంగతి నా ఆలోచనను మరో దారి పట్టించింది.

మా మనవడు ఇంజనీరింగు చదువుతున్నాడు. పోయిన వేసవి సెలవుల్లో శాలిబండలోని మా పాత ఇంటికి వాడి పేరున ఒక పార్సిలు వచ్చింది. విప్పి చూస్తే చేతికర్రంత గొట్టం, దాని కింద పళ్ళెం లాంటి తీగచుట్ట, పైన చిన్న తెర. మెటల్ డిటెక్టరట. గుళ్ళ దగ్గర, స్టేషన్ల దగ్గర పోలీసులు పట్టుకునేది మనందరికీ తెలుసు. ఇది నేల మీద ఆడించే రకం. "తాతయ్యా, తొలకరి పడగానే గోల్కొండ కోట వెనక్కి వెళదాం. వానకి పైమట్టి కొట్టుకుపోతే పాత నాణేలు పైకి వస్తాయట. ఎక్కడ వెతకాలో నీకైతే బాగా తెలుసు" అన్నాడు.

వాడు చెప్పిన దాంట్లో సగం నిజం. మిగిలిన సగం ఏమిటో వాడికి చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది. అదే ఇక్కడ రాస్తున్నాను.

వాన చేసే తవ్వకం

మన తెలుగు దేశంలో నేలలోని విలువైన వస్తువును వానతో వెతకడం కొత్త సంగతి కాదు. కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి ప్రాంతాల్లోను, అనంతపురం జిల్లా వజ్రకరూరు చుట్టుపక్కల చేలల్లోను తొలకరి జల్లు పడగానే జనం వంగి నేల చూసుకుంటూ నడుస్తారు. వాన పైమన్నును కడిగేస్తే రాళ్ళు తేలతాయి. వాటిలో వజ్రం దొరుకుతుందేమోనని ఆశ. పదిహేడో శతాబ్దంలో అలాంటి వజ్రాలన్నీ చేరిన బజారు మన కార్వాను. ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే తిరిగింది ఈ గోల్కొండ రాజ్యంలోనే.

పాతబస్తీలో అగసాలివారు పనిచేసే వీధుల్లోనూ ఇదే విద్య వేరే రూపంలో ఉండేది. దుకాణం ముందు ఊడ్చిన దుమ్మును తీసుకుపోయి, నీళ్ళలో తిప్పి, తేలికైన మన్నును ఒంపేసి, అడుగున నిలిచిన బంగారు రవ్వను ఏరుకునేవారు. జలగడుగు అనే మంచి మాట మన భాషలో దీనికోసమే ఉంది. వాన కూడా నేల మీద చేసేది ఈ జలగడుగే. నీరు ముందుగా సన్నటి మన్నును, బూడిదలాంటి ఒండును ఎత్తుకుపోతుంది. ఇసుక కాస్త దూరం పోతుంది. గులకరాయి, పెంకు, నాణెం మాత్రం బరువు వల్ల అక్కడే నిలిచిపోతాయి. ఏడాదికి ఏడాది మన్ను పోతున్న కొద్దీ, అరగజం లోతున ఉన్న వస్తువు జానెడు లోతుకు వస్తుంది, చివరికి ఒకనాడు వాన వెలిసిన పొద్దున ఎండలో మెరుస్తుంది. నాణెం పైకి లేవలేదు. నేలే కిందికి దిగింది. ఈ తేడా గుర్తుంచుకోవాలి, ఎందుకంటే మిగిలిన కథ అంతా దాని మీదే నిలిచింది.

కోటిలింగాల కథ

ఇందుకు మన రాష్ట్రంలో అన్నిటికన్నా గొప్ప ఉదాహరణ కోటిలింగాల. పూర్వపు కరీంనగరు జిల్లాలో, ఇప్పటి జగిత్యాల జిల్లాలో, గోదావరి దక్షిణపు ఒడ్డున, పెద్దవాగు కలిసే చోట ఉన్న పాతకాలపు కోటదిబ్బ అది. వానకు ఒరుసుకుపోయిన ఆ దిబ్బ మీద స్థానికులకు చిన్న చిన్న నాణేలు దొరికేవి. 1970ల చివర అవి పండితుల కంటపడ్డాయి. పురావస్తు శాఖలో పనిచేసిన డాక్టరు పి.వి.పరబ్రహ్మశాస్త్రిగారు వాటి మీద బ్రాహ్మీ అక్షరాలను చదివి ప్రకటించారు. గోబద, నారన, కంవాయ, సమగోప అనే పేర్లు వచ్చాయి. అంతవరకు ఏ పుస్తకంలోనూ లేని రాజులు వారు. వాటితోపాటు చిముకుని పేరుతో నాణేలు కూడా దొరికాయి. పురాణాలు సాతవాహన వంశానికి మొదటివాడని చెప్పే రాజే ఈ చిముకుడని పండితులు గుర్తించారు.

1979 నుంచి డాక్టరు వి.వి.కృష్ణశాస్త్రిగారి ఆధ్వర్యంలో రాష్ట్ర పురావస్తు శాఖ అక్కడ తవ్వకాలు జరిపింది. నిమ్సులో మెదడు శస్త్రచికిత్స నిపుణులుగా పేరుపొందిన డాక్టరు దేమె రాజారెడ్డిగారు ఈ నాణేల మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేసి పుస్తకాలు రాశారు. వృత్తి ఒకటి, అభిరుచి ఒకటి అయినా ఎంత పని చేయవచ్చో ఆయన్ని చూస్తే తెలుస్తుంది. సాతవాహనుల తొలి స్థానం మహారాష్ట్రమా, తెలంగాణమా అన్న చర్చ ఈ నాణేల వల్ల కొత్త మలుపు తిరిగింది. ఆ చర్చ నేటికీ ముగియలేదు.

ఎందుకు ముగియలేదు? ఆ నాణేల్లో ఎక్కువ భాగం తవ్వకంలో కాక నేల మీద దొరికినవి కావడం ఒక కారణం. ఏ పొరలో ఉన్నది, దాని కింద ఏముంది, పైన ఏముంది, పక్కన ఎలాంటి కుండ పెంకు ఉంది అన్నది చెప్పే మన్ను అప్పటికే గోదారిలో కలిసిపోయింది. నాణెం మీద పేరు చదవగలం. ఆ నాణెం అక్కడ ఎప్పుడు, ఏ ఇంటిలో, ఎవరి చేతి నుంచి జారిందో చెప్పలేం. వాన మనకు ఒక చేత్తో రాజు పేరు ఇచ్చి, మరో చేత్తో అతని చిరునామా పట్టుకుపోయింది.

నా వల్ల జరిగిన తప్పు

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. మనవడికి చెప్పేదాకా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. 1974లో నేను సర్వే పని మీద అదే కరీంనగరు జిల్లాలో ఊళ్ళు తిరిగేవాణ్ణి. గోదావరికి కొంత దూరంలో ఒక పల్లెలో, రాత్రంతా కురిసిన వాన తెల్లారి వెలిశాక, చెలక గట్టున గొలుసు పరిపిస్తున్నాం. గొర్రెలు కాసే కుర్రవాడొకడు వచ్చి గుప్పిట విప్పాడు. అయిదు చిన్న బిళ్ళలు. తెల్లటి పొక్కు కట్టి, చేతిలో బరువుగా ఉన్నాయి. "ఇవేంది సారూ?" అన్నాడు. గోటితో గీరి చూశాను. సీసం. "సీసపు ముక్కలురా, వల గుండ్లకు పనికొస్తాయి" అన్నాను. వాడు సంబరపడి వాగు ఒడ్డున జాలరి వాళ్ళకు ఇచ్చి బీడీ కట్ట తెచ్చుకున్నాడు.

పదేళ్ళ తరువాత పబ్లిక్ గార్డెన్సులోని మ్యూజియానికి పిల్లల్ని తీసుకువెళ్ళినప్పుడు అద్దాల బీరువాలో అలాంటి బిళ్ళలే చూశాను. సాతవాహన నాణేలు, సీసం, అని చీటీ ఉంది. ఆ కుర్రవాడి అరచేయి గుర్తొచ్చి ఆ బీరువా ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. అవి నిజంగా సాతవాహనులవేనా, కాదా? ఇక తేలదు. వలకు కట్టడానికి వాటిని కరిగించి ఉంటారు. గట్టు ఎక్కడో నా ఫీల్డుబుక్కులో ఉంది, బిళ్ళల సంగతి మాత్రం అందులో లేదు. అంగుళం కూడా తప్పకుండా నేల కొలిచిన నేను, ఆ నేల ఇచ్చినదాన్ని ఒక్క ముక్క కూడా రాసుకోలేదు.

పైమట్టి లెక్క

మన్ను కొట్టుకుపోవడం మామూలే గదా అని అనుకుంటాం. లెక్క చూస్తే గుండె గుభేలుమంటుంది. 1983లో ధ్రువనారాయణ, రాంబాబు అనే శాస్త్రవేత్తలు వేసిన అంచనా ప్రకారం మన దేశంలో ఏడాదికి 533 కోట్ల టన్నులకు పైగా మన్ను కోతకు గురవుతోంది. సగటున హెక్టారుకు 16 టన్నులకు మించి. అందులో దాదాపు 29 శాతం సముద్రం పాలవుతుంది. 10 శాతం జలాశయాల్లో మేటవేస్తుంది. మిగిలినది ఒక చోటు నుంచి మరో చోటుకు మారుతుంది. ఒక్క అంగుళం పైమట్టి తయారు కావడానికి వందల ఏళ్ళు కావాలి. పోవడానికి కొన్ని వానలు చాలు.

మన పక్కనే పటాన్‌చెరులో 1972లో మొదలైన ఇక్రిశాట్‌ వారు నల్లరేగడి నేలల్లో ఏళ్ళ తరబడి కొలిచి చూశారు. వానాకాలం చేను బీడుగా వదిలేసే పాత పద్ధతిలో ఏడాదికి హెక్టారుకు 6 టన్నులకు పైగా మన్ను పోతే, వాలుకు తగినట్టు వెడల్పు మడులు, కాలువలు తీసి రెండు పంటలు వేసిన చోట ఒకటిన్నర టన్నుల చుట్టూ మాత్రమే పోయింది. అంటే కోత దైవాధీనం కాదు. సగానికి పైగా మన చేతిలో ఉంది.

మన్ను ఒక చోట పోతే మరో చోట చేరుతుంది కాబట్టి, పల్లంలో ఉన్న పాత వస్తువు ఇంకా లోతుకు పోతుంది. మిట్ట మీద నాణెం తేలుతుంది, అడుగున నాణెం మునుగుతుంది. మా మనవడి యంత్రం సంగతి ఇక్కడే తేలిపోతుంది. అలాంటి యంత్రం రూపాయి బిళ్ళంత వస్తువును సుమారు జానెడు లోతు వరకే పట్టగలదు. కాబట్టి మిట్టన వాన కోసిన చోట అది కూస్తుంది. పల్లంలో మేట వేసిన చోట ఎంత గొప్ప కుండ ఉన్నా మూగపోతుంది. అభిరుచి కొద్దీ వెతికేవాళ్ళు కోతపడ్డ నేలల వెంట తిరిగేది అందుకే. కాని అక్కడ దొరికేది పొర చెదిరిన వస్తువు. పైగా గాలి, తడి, ఎండ మార్చి మార్చి తగలడం వల్ల సీసం పొడిబారుతుంది, రాగి పచ్చగా తినేస్తుంది. భూమి రెండు వేల ఏళ్ళు దాచిన దాన్ని పైమట్టి పోయాక పది వానాకాలాలు పాడుచేస్తాయి.

మూసీ, చెరువులు, పాతబస్తీ నేల

హైదరాబాదుకు ఈ సంగతి బాగా తెలుసు, ఒకసారి ఎంతో వెల చెల్లించి తెలుసుకుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచింది. చనిపోయినవారు 15,000 వరకు ఉంటారని అంచనా. అఫ్జల్‌గంజి వైపు ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టును ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఈ తరం వారు కూడా చూశారు. 1578 నాటి పురానాపూల్ నిలబడింది, తరువాత కట్టిన వంతెనలు దెబ్బతిన్నాయి. మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం పిలుపు మీద వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు పరీక్షించి, మూసీ పరీవాహకంలో 788 చెరువులు ఉండగా వాటిలో 221 తెగిపోయాయని లెక్క తేల్చారు. ఆయన సలహా ఫలితంగా 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు పూర్తయ్యాయి.

ఇన్ని కట్టలు తెగినప్పుడు వచ్చింది నీరొక్కటే కాదు. అన్ని చెరువుల ఒండు, అన్ని గట్ల మన్ను కూడా వచ్చింది. ఆ మన్ను పేటల్లో మేటవేసింది. దాని కింద ఎన్ని ఇళ్ళ సామాను, ఎన్ని పెట్టెలు, ఎంతమంది నడుముకు కట్టుకున్న సొమ్ము ఉండిపోయిందో ఎవరు లెక్కపెట్టగలరు? మొన్న 2020 అక్టోబరులో బాలాపూరు గుర్రంచెరువు కట్ట తెగి హఫీజ్‌బాబానగరు, ఫలక్‌నుమా వైపు ఇళ్ళలోకి నీళ్ళొచ్చినప్పుడు, నీరు తీసినా రోజుల తరబడి బురద ఎత్తిపోయడం మనలో కొందరు స్వయంగా చేసిన పనే.

అందువల్ల పాతబస్తీ నేల చేను నేలకు విరుద్ధం. చేలో నేల తగ్గుతుంది. పాతబస్తీలో పెరుగుతుంది. రోడ్డు మీద రోడ్డు వేశారు. కూలిన గోడ మీద కొత్త గోడ కట్టారు. మా ఇంటి గడప ఒకప్పుడు మూడు మెట్ల ఎత్తున ఉండేది, ఇప్పుడు వీధి నుంచి ఒక మెట్టు దిగి లోపలికి వెళ్ళాలి. మీలో చాలామంది ఇళ్ళ సంగతీ ఇదే. 1591లో వెలసిన నగరం తన కాలాన్ని తన కాళ్ళ కిందే పేర్చుకుంది. కుతుబ్‌షాహీల రాగి ఫలూసులు, మొగలుల నాణేలు, ఆసఫ్‌జాహీల నాణేలు అన్నీ ఆ పొరల్లోనే ఉన్నాయి. సుల్తాన్‌షాహీలో పాత టంకశాల నడిచింది. 1903లో సైఫాబాదులో యంత్రాల టంకశాల వచ్చాక చార్మినారు బొమ్మతో హాలీ సిక్కా తయారైంది. మహబూబ్ అలీ ఖాన్‌ కాలంలో చార్మినారు కమాను నడుమ 'మీమ్‌' అక్షరం, ఉస్మాన్‌ అలీ ఖాన్‌ కాలంలో 'ఐన్‌' అక్షరం. 100 కల్దారు రూపాయలకు 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ అని మన తండ్రులు నోటికి లెక్క చెప్పేవారు. 1959 దాకా చెల్లుబాటులో ఉన్న ఆ డబ్బు ఇప్పుడు చార్మినారు కాలిబాట మీద గుడ్డ పరిచి అమ్మేవారి దగ్గర, నకిలీలతో కలిసి కనిపిస్తుంది.

యంత్రం పుట్టుక

ఆ యంత్రం సంగతి కూడా రెండు మాటలు. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డుకు తుపాకి గుండు తగిలినప్పుడు, టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్‌ ఆ గుండు ఎక్కడుందో వెతకడానికి లోహాన్ని పసిగట్టే పరికరం చేశారు. పరుపులోని ఇనుప స్ప్రింగులు అడ్డుపడి అది పనిచేయలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో 1941లో పోలండు సైనికాధికారి కొసాత్స్కి భూమిలో పాతిన మందుపాతరలను వెతికే పరికరం తయారుచేశారు. 1942లో ఎల్‌అలమీన్‌ యుద్ధంలో అది వేలాది సైనికుల ప్రాణాలు కాపాడింది. ట్రాన్సిస్టర్లు వచ్చాక అదే చవగ్గా సామాన్యుల చేతికి వచ్చింది.

ప్రాణాలు కాపాడటానికి పుట్టిన యంత్రం మన పల్లెల్లో గుప్తనిధుల పిచ్చికి సాయమవుతోంది. అర్ధరాత్రి పాత గుళ్ళలో విగ్రహాల కింద తవ్వి, నంది పీఠాలు పగలగొట్టి, చివరికి కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు ఏమీ దొరక్క పట్టుబడినవారి వార్తలు పేపర్లలో చదువుతూనే ఉంటాం. దొరకనిది నిధి. పోయింది మాత్రం గుడి.

సుత్తి వెతకబోతే

యంత్రాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఇంగ్లండులో 1992 నవంబరులో హాక్స్‌ని అనే ఊళ్ళో ఒక రైతు పొలంలో సుత్తి పోగొట్టుకున్నాడు. స్నేహితుడు ఎరిక్‌ లాస్‌ మెటల్‌ డిటెక్టరుతో సుత్తి వెతకడానికి వెళితే రోమను కాలపు బంగారు, వెండి నాణేలు, నగలు తగిలాయి. ఆయన చేసిన మంచి పని ఏమిటంటే, కొంత తీయగానే ఆగిపోయి అధికారులకు కబురు చేయడం. పురావస్తు నిపుణులు మిగిలినదాన్ని మట్టిలో ఉన్న తీరు చెడకుండా తవ్వారు. ఏ వస్తువు ఏ పెట్టెలో ఎలా సర్దారో కూడా తెలిసింది. దాదాపు 15,000 నాణేల ఆ నిధి ఇప్పుడు బ్రిటిష్‌ మ్యూజియంలో ఉంది. పోయిన సుత్తి కూడా దొరికింది, దాన్నీ మ్యూజియం వారు పుచ్చుకున్నారు. ఆ దేశం 1996లో నిధుల చట్టాన్ని కొత్తగా చేసి, సామాన్యులకు దొరికిన చిన్న వస్తువులను కూడా నమోదు చేసే పద్ధతి ఏర్పాటు చేసుకుంది.

మన దగ్గర కూడా అలాంటి మంచి ఉదాహరణ ఈమధ్యనే జరిగింది. సూర్యాపేట జిల్లా ఫణిగిరి బౌద్ధస్థలంలో 2024లో రాష్ట్ర వారసత్వ శాఖ తవ్వకంలో, నేల మట్టానికి మూడు అడుగులకు పైగా లోతున ఒక చిన్న మట్టికుండ దొరికింది. అందులో 3,730 సీసపు నాణేలు. ఒక వైపు ఏనుగు, మరో వైపు ఉజ్జయిని గుర్తు. ఇక్ష్వాకుల కాలం నాటివని నిపుణులు తేల్చారు. కుండ మూతి మీద ఒక చిప్పను బోర్లించి, లోపల పగిలిన గిన్నె అడుగుతో మూసి పెట్టారు. వాన దాన్ని తాకలేదు, ఎవరి గునపమూ తగల్లేదు. అందుకే ఎవరో జాగ్రత్తగా దాచిపెట్టిన సొమ్ము అన్న సంగతి కూడా మనకు తెలిసింది. కోటిలింగాల నాణేలు మాట్లాడింది రాజుల గురించి మాత్రమే. ఫణిగిరి కుండ దాన్ని మూసిన చేతి గురించి కూడా చెబుతోంది. తేడా అంతా దాని చుట్టూ నిలిచిన మూడడుగుల మన్నులో ఉంది.

చట్టం ఏమంటుంది

ఇది మన పిల్లలకు, మనవళ్ళకు తప్పక చెప్పవలసిన విషయం. 1878 నాటి నిధుల చట్టం నేటికీ అమలులో ఉంది. భూమిలో దాగి ఉండి బయటపడ్డ వస్తువు విలువ 10 రూపాయలు దాటితే, దొరికినవారు అది ఏమిటి, ఎంత, ఎక్కడ, ఏ తేదీన దొరికింది అన్నది కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. దాన్ని దగ్గరలోని ప్రభుత్వ ట్రెజరీలో జమచేయాలి, లేదా హామీ ఇవ్వాలి. ట్రెజరీ అంటే ఒకప్పుడు మనం పెన్షను కోసం బారులు తీరిన ఆ ట్రెజరీయే. దాచిపెట్టిన వారికి ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. స్వంతదారు ఎవరూ లేరని తేలితే, దొరికినవారికీ భూమి యజమానికీ వాటాల సంగతి ఆ చట్టంలోనే ఉంది. ప్రభుత్వం కావాలనుకుంటే వెల కట్టి తీసుకుంటుంది.

రక్షిత కట్టడాల పరిధిలో అనుమతి లేని తవ్వకాన్ని 1958 చట్టం నిషేధించింది. గోల్కొండ, చార్మినారు ఆ రక్షణలో ఉన్నవే. 1972 చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన పురాతన వస్తువును ప్రైవేటు వ్యక్తి విదేశాలకు పంపరాదు. లైసెన్సు లేకుండా వ్యాపారం చేయరాదు. అమెరికాలో ఉన్న పిల్లలకు కానుకగా పాత నాణేలు సూట్‌కేసులో పెట్టి పంపే పెద్దలు మనలో ఉన్నారు కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను. వీటన్నిటికీ పైన, మన సంస్కృతీ వారసత్వాన్ని కాపాడుకోవడం పౌరుని విధి అని రాజ్యాంగం 51-ఏ అధికరణం చెబుతోంది.

మనం చేయగల పని

ఈ వయసులో మనం ఏం చేయగలం అనుకోకండి. నాలుగు పనులు మన చేతిలోనే ఉన్నాయి.

ఒకటి. మన పెట్టెల్లో అమ్మమ్మలు, నాయనమ్మలు దాచిన నాణేలు ఉంటాయి. వాటిని చింతపండుతో తోమకండి. బూడిదతో రుద్దకండి. ఆ పచ్చటి పూత కిందే అక్షరాలు ఉన్నాయి, తోమితే పూతతోపాటు అవీ పోతాయి.

రెండు. ఏ నాణెం ఎవరి నుంచి వచ్చింది, ఏ ఊరిది, ఏ పొలంలో దొరికింది అన్నది ఒక చీటీ మీద రాసి దానితో ఉంచండి. మనతోపాటు ఆ జ్ఞాపకం పోతే, ఆ నాణెం కూడా పైమట్టి పోయిన నాణెంతో సమానం.

మూడు. పల్లెలో మన పొలాలు కౌలుకిచ్చి ఉంటే, గట్లు వేయించండి, గట్ల మీద చెట్లు పెట్టించండి. చెరువు పూడిక తీసినప్పుడు ఆ ఒండు మళ్ళీ చేలకు తోలించండి. అది మన చేను నుంచే పోయిన మన్ను. 2015లో మొదలైన మిషన్‌ కాకతీయ పూడికతీతలో చాలామంది రైతులు ఆ పని చేశారు. పూడికలో విగ్రహమో, రాతిపలకో, కుండో కనబడితే ట్రాక్టరు ఆపి గ్రామ కార్యదర్శికో, తహసీలుదారుకో చెప్పమనండి.

నాలుగు. మనవళ్ళు అడిగినప్పుడు విసుక్కోకండి. వాళ్ళకు యంత్రం ఉంది, మనకు ఊరు తెలుసు. ఇద్దరూ కలిస్తే మంచే జరుగుతుంది.

మా మనవడు గోల్కొండ ప్రయాణం మానుకున్నాడు. కొన్న వస్తువు ఊరికే పెట్టుకోలేక ఒక ఆదివారం మా ఇంటి పెరట్లోనే, పాత బావి పక్కన తిప్పాడు. పాతబస్తీ నేల గదా, అడుగడుక్కీ కూసింది. రెండు గంటల్లో పదకొండు మేకులు, ఒక తలుపు గడియ, సోడా సీసా మూతలు నాలుగు, ఎప్పుడో మా ఆవిడ పోగొట్టుకున్న చెవికమ్మ శీల బయటపడ్డాయి. ఆ శీల చూసి ఆవిడకు యంత్రం మీద గౌరవం కలిగింది. చివర్లో గోడ వార, వాన నీరు జారి మన్ను కోసిన చోట, నడుమ చిల్లున్న చిన్న కంచు నాణెం ఒకటి దొరికింది. హాలీ సిక్కా కాలం నాటిది. దాని వెల పది రూపాయలు దాటుతుందా లేదా అని మేమిద్దరం కాసేపు వాదించుకున్నాం.

వాడు దాన్ని చొక్కాకు తుడవబోయి ఆగాడు. లోపలికి వెళ్ళి నోటుబుక్కు తెచ్చి తేదీ వేశాడు. "బావి అంచు నుంచి ఎన్ని అడుగులు తాతయ్యా?" అన్నాడు. నేను టేపు తెచ్చి ఒక కొస పట్టుకున్నాను, వాడు రెండో కొస పట్టుకున్నాడు. ఏడు అడుగుల నాలుగు అంగుళాలు. లోతు మూడు అంగుళాలు. రాసుకున్నాం.

యాభై ఏళ్ళ క్రితం ఆ చెలక గట్టు మీద నేను రాయవలసిన వాక్యం అదే.

సెలవు.